నొప్పికి పేర్లు చాలా

మన పెద్దవాళ్ళు డాక్టర్ ముందు ఒకే మాట అంటారు: "పెయిన్." మీ ఇంట్లోనూ అంతేనా?

మా అమ్మ ఫిజీలో పుట్టింది. 1987 తర్వాత సిడ్నీకి వచ్చింది. బయట ఫిజీ హిందీ మాట్లాడుతుంది. నొప్పి వస్తే మాత్రం తెలుగే. "మోకాలు సలుపుతోందమ్మా" అంటుంది నాతో.

ఈ మాటలు మీరూ నేర్చుకోండి. రోజంతా నిలబడితే కాళ్ళు పీకుతాయి. అది కండరాల అలసట. బరువెత్తితే నడుము పట్టేస్తుంది. నరం నొక్కుకుపోతే తిమ్మిరెక్కుతుంది, మంట పుడుతుంది. పొద్దున్నే కీళ్ళు బిగుసుకుంటే, ఎంతసేపు అని అడగండి. అరగంటలోపు సడలితే తరచుగా అది కీళ్ళ అరుగుదల. గంట దాటినా సడలకపోతే, కీలు వాచి వేడిగా ఉంటే, డాక్టర్‌కి తప్పక చెప్పండి. నడుము నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంత ఓర్పు మనవాళ్ళకి ఎక్కడిది? 1903 నుంచి మద్రాసులో ఓడ ఎక్కి ఫిజీ వెళ్ళారు. గిర్మిట్ అంటే ఐదేళ్ళ ఒప్పందం. రోజుకు 9 గంటల పని, శనివారం 5 గంటలు. చెరకు తోటలో పని ఆగితే కూలి పోయేది. అందుకే నొప్పిని మింగారు. ఆ కాగితాలు 1920లో రద్దయ్యాయి. మింగే అలవాటు మాత్రం మిగిలింది.

"అరిగిన మోకాలు కదిలిస్తే ఇంకా అరుగుతుంది" అని అమ్మ భయం. ఫిజియో వేరేగా చెప్పింది. తొడ కండరం బలపడితే మోకాలికి భారం తగ్గుతుందట. ఇప్పుడు అమ్మ రోజూ కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటుంది. చేతులు ఆనించదు. మొదట కాస్త నొప్పి పెరగవచ్చు. మర్నాటికి తగ్గిపోతే భయం లేదు. తగ్గకపోతే మరుసటిసారి తక్కువ చేయాలి. మెట్లెక్కడం అమ్మకి ఇంకా కష్టమే. కానీ గుడికి తనంతట తానే నడిచి వెళ్తోంది.

నొప్పి చాలాకాలంగా ఉంటే జీపీని ప్లాన్ రాయమని అడగండి. దానితో ఏడాదికి 5 సార్లు ఫిజియో వంటివారి దగ్గరికి వెళ్ళడానికి మెడికేర్ కొంత డబ్బు తిరిగి ఇస్తుంది. దుబాసీ కావాలంటే టీఐఎస్ నేషనల్ నంబరు 131 450.

ఈ ఆదివారం మీ పెద్దవాళ్ళ పక్కన కూర్చుని అడగండి: "పీకుతోందా? సలుపుతోందా? తిమ్మిరా?" వాళ్ళు చెప్పిన మాటని అలాగే రాసుకోండి. డాక్టర్‌కి దాని అర్థం మీరు చెప్పగలరు.