షెడ్డులోంచి ఆర్‌ఎక్స్ 100

పాత బండి కొన్నానంటే చాలు, ఇంజిన్ విప్పించేయమనే సలహాలే అన్నీ. ఏం అక్కర్లేదండీ. ట్యాంకులోని పాత పెట్రోలు వంపేశాను, ఒకటే వార్నిష్ కంపు. ప్లగ్గు విప్పి క్యాపుకే ఉంచి, హెడ్డుకి ఆనించి కిక్కు కొడితే నీలం రవ్వ వచ్చింది. అంటే తంటా కార్బురేటర్‌దే. పైలట్ జెట్టుకి ఉండేదే వెంట్రుకంత రంధ్రం, అదీ జిగురుతో మూసుకుపోయింది. క్లీనర్ కొట్టి, గాలి పెట్టి, వెలుతురుకి ఎత్తి చూస్తే అవతల ఆకాశం కనపడాలి. పిన్నీసు మాత్రం గుచ్చకండి, రంధ్రం పెద్దదైపోతుంది.

టూ స్ట్రోక్ కదా, ఆయిల్ పంపు మీద నమ్మకం కుదిరేదాకా పెట్రోల్లోనే ఆయిల్ కలిపాను. చోక్ వేసి కొడితే అందుకుంది! వీధంతా పొగ. మున్సిపాలిటీ దోమల పొగేమో అనుకుని పక్కింటి పిన్నిగారు తలుపులేసుకున్నారు.

1996లో తయారీ ఆగిన బండి. ఆ శబ్దం మాత్రం అదే.

ఇక బ్రేకులు. ముందూ వెనకా డ్రమ్ములే. అవి చూడకుండా మెయిన్ రోడ్డెక్కేది లేదు.