నాన్న తెచ్చుకున్న కారణం

మా ఇంట్లో రెండేళ్ళుగా ఒకటే చర్చ: నాన్న ఎక్కడ ఉండాలి? అమ్మ పోయాక ఆయన నూజివీడు దగ్గర మా ఆరెకరాల మామిడి తోటలో ఒక్కడే ఉంటున్నాడు. ఊళ్ళో ఇల్లుంది, దానికి తాళం. తోటలో ఉన్న రెండు గదుల షెడ్డులోనే వంటా, పడకా. వయసు 71. మోకాళ్ళ నొప్పులు, బీపీ మాత్రలు. నేను హైదరాబాద్‌లో, చెల్లి డాలస్‌లో. ఆదివారం ఆదివారం ముగ్గురం వీడియో కాల్‌లో కలుస్తాం. "ఈ కాపు అయ్యాక వచ్చేస్తాలే" అంటాడు నాన్న. మామిడికి ఏటా ఒక కాపు ఉంటుందన్న సంగతి మాకు తెలియనట్టు.

అందులోనూ బంగినపల్లి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు మొహం చాటేస్తుంది. కాసిన ఏడు "ఇంత కాపు వదిలేసి ఎట్టా వస్తాను", కాయని ఏడు "ఈ ఏడు ఏం మిగల్లేదు, వచ్చే ఏడు చూసుకుని వస్తా". ఏ ఏటికి తగ్గ మాట ఆ ఏటికి ఉంది ఆయన దగ్గర.

ఈ మార్చిలో చెల్లి కొంచెం గట్టిగానే అడిగింది. వారం తిరక్కుండా నాన్న ఫోన్ చేసి, "కుక్కపిల్లని తెచ్చాను. ఇంకా 40 రోజుల పిల్ల. దీన్ని వదిలేసి ఇప్పుడెక్కడికి రానూ" అన్నాడు. చెల్లి నాకు విడిగా మెసేజ్ పెట్టింది: "మనకి జవాబు చెప్పడానికి కుక్కని తెచ్చుకున్నాడు."

నాకూ అలానే అనిపించింది. మే మొదటి వారంలో, పాపకి వేసవి సెలవులు కదా అని, పది రోజులకని వెళ్ళాం.

గోధుమ రంగు పిల్ల. నుదుటి మీద తెల్ల చార, నాలుగు కాళ్ళకీ తెల్ల మేజోళ్ళు. మామూలు ఊరకుక్క సంతతి. దాని తల్లి పక్క తోట గడ్డివాము కింద ఐదింటిని ఈనిందట. రెండు రక్తవిరేచనాలతో పోయాయి. అది పార్వో వైరస్ అయ్యుండొచ్చని పశువుల డాక్టరు అన్నాక నాన్న దీన్ని మామిడికాయల క్రేటులో వరిగడ్డి పరిచి, టీవీఎస్ ఎక్సెల్ మీద పెట్టుకుని తీసుకెళ్ళి మొదటి టీకా వేయించాడు. కాయ మాగబెట్టేదీ ఆ గడ్డిలోనే. "క్రేటులోంచి తల బయటపెట్టి రోడ్డంతా చూస్తానే ఉన్నాడు" అని చెప్పాడు, కాయ నలక్కుండా మార్కెట్‌కి చేర్చినంత జాగ్రత్తగా.

పేరు మాత్రం పెట్టలేదు. పాప దిగీ దిగగానే "మ్యాంగో" అని పెట్టేసింది. కాయ కోసేవాళ్ళు పడీ పడీ నవ్వారు. "మామిడితోటలో కుక్కకి మామిడికాయని పేరేంటమ్మా" అన్నాడు కాపలా ఉండే బాబాయి. నాన్న ఆ పేరు ఒక్కసారీ పలకలేదు. ఆయనకది "వీడు". పిలవాలంటే "ఒరే". ఆ "ఒరే"కి తోటలో ఏ మూలనున్నా పరిగెత్తుకొస్తుంది.

వేసవిలో తోట పని తెల్లవారుజామున 5 గంటలకి మొదలవుతుంది. గడలకి కట్టిన చిక్కాలతో కాయ కోస్తారు. తొడిమ కొంచెం ఉంచి కోయాలి, లేకపోతే సొన కారి కాయ మీద మచ్చ పడుతుంది. దూడ మూతికి కట్టేదాన్ని కూడా చిక్కమనే అంటారు. డ్రిప్పు పైపులు కొరికి నాలుగు చోట్ల నీళ్ళు చిమ్మించిన రోజున వీడికీ ఒకటి కట్టాలన్నాడు బాబాయి. పది గంటలయ్యేసరికి కోత ఆపేస్తారు. ఆ తర్వాత ఎండ మనిషిని నిలబడనివ్వదు. రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు వేరు చేసి, ట్రాలీ ఆటోలో నున్న మార్కెట్‌కి పంపడం. ఇక సాయంత్రం నాలుగు దాకా తోటంతా నిద్ర.

కుక్కకి చెమట పట్టేది ఇంచుమించు పాదాల కింద మాత్రమే. మిగతా వేడినంతా నాలుక చాపి రొప్పి వదిలించుకోవాలి. పసిపిల్లకి ఆ పనీ సరిగా చేతకాదు. అందుకని మ్యాంగో తన ఏర్పాటు తను చేసుకుంది. డ్రిప్పు నీళ్ళతో తడిసిన చెట్టు పాదు చూసుకుని, ముందుకాళ్ళతో జానెడు లోతు గొయ్యి తవ్వి, అందులో పొట్ట ఆనించి పడుకునేది. నీడ జరిగితే ఇంకో పాదు, ఇంకో గొయ్యి. వేర్లు బయటపడుతున్నాయని నాన్న తిట్టేవాడు. తిడుతూనే మధ్యాహ్నం లేచి వెళ్ళి ఆ గోతిలో చెంబెడు నీళ్ళు పోసి వచ్చేవాడు.

ఆయన దృష్టిలో కుక్క ముద్దుకి కాదు, పనికి. పాత కుక్క నిరుడు చచ్చిపోయింది. అప్పట్నుంచీ కోతులకి పండగ. ఇరవై ముప్ఫై కలిసి వస్తాయి, తినేది తక్కువ, కొరికి పారేసేది ఎక్కువ. టపాసులు కాలిస్తే ఒక గంట ఆగుతాయి. పులిబొమ్మ ఫ్లెక్సీ కడితే రెండు రోజులు ఆగి, మూడో రోజు ఆ ఫ్లెక్సీ మీదే కూర్చుంటాయి. "వీడు ఎదగాలి. అప్పుడు చూద్దురుగాని" అని నాన్న ధీమా. ఆ ధీమా వినే స్థితిలో వాడు లేడు. మేం చూస్తుండగా ఒక కోతి చెట్టు దిగి పళ్ళు ఇకిలిస్తే కుయ్యిమంటూ వచ్చి నాన్న పంచె వెనక దాక్కున్నాడు.

వెళ్ళిన రెండో రోజే ఆటలో పాప మణికట్టు మీద పంటి గాటు పడింది. రెండు చుక్కల రక్తం. పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి. రేబీస్ టీకా 3 నెలలు నిండాక వేస్తారు కాబట్టి దానికింకా వేయలేదు. సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆస్పత్రికి తీసుకెళ్ళాం. నాలుగు విడతలు: మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. నాన్న దారి పొడవునా తన చిన్నప్పటి కథే చెప్పాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. అది గొర్రె మెదడు నుంచి తీసిన టీకా. మన దేశంలో దాని వాడకం ఆగిపోయి ఇరవై ఏళ్ళే అయింది. ఇప్పుడు చేతికి వేసే చిన్న సూది చూసి "ఇంతేనా" అన్నాడు. పాప ఏడవలేదు, ఆయన కళ్ళే తడిగా ఉన్నాయి. రేబీస్ లక్షణాలు పైకి కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యమని ఆయనకి పుస్తకాల్లో చదివి తెలియదు. వాళ్ళ ఊళ్ళో ఒకరిని చూశాడు.

నాలుగో సూది హైదరాబాద్‌లోనైనా వేయించొచ్చు. కానీ నా ఆఫీసు పని ఎలాగూ లాప్‌టాప్‌లోనే కాబట్టి, ఆ వంకతో 28 రోజులూ ఉండిపోయాం. ఉన్నాం కాబట్టి నాకు కనిపించినవి కొన్ని ఉన్నాయి.

అమ్మ ఉన్న రోజుల్లో మార్కెట్ నుంచి రాగానే నాన్న గట్టు మీద కూర్చుని ఆ రోజు రేట్లు చెప్పేవాడు. బంగినపల్లి టన్ను ఎంత, రసాలు ఎంత, కమీషన్ ఎంత కోశారు, హమాలీ ఎంత. అమ్మ పాలపద్దు పుస్తకం వెనక పేజీల్లో రాసేది. అమ్మ పోయాక ఆయన మాట్లాడ్డమే తగ్గించేశాడని బాబాయి చెప్పాడు. "రోజుకి పది మాటలు కూడా ఉండేవి కాదు బాబూ. కాయ ఎంతకి పోయిందంటే వేళ్ళు చూపించేవాడు."

ఇప్పుడు సాయంత్రం అదే గట్టు మీద కూర్చుని కుక్కపిల్లతో మాట్లాడుతున్నాడు. "ఒరే, ఇవాళ కలెక్టరు కాయ పడిపోయిందిరా. జ్యూస్ ఫ్యాక్టరీ వాళ్ళు కొనట్లేదంట." అది ఆయన చెప్పు కొరుకుతూ వింటుంది. నేను షెడ్డు తలుపు దగ్గరే ఆగిపోయాను. దగ్గరికి వెళితే ఆ మాటలు నాకు చెప్పాల్సి వస్తుంది, నాకు చెప్పడమంటే లెక్క చెప్పడం అవుతుంది.

కాల్‌లో చెల్లి ఇంకో దారి వెతికింది. "కుక్కని కూడా తీసుకొచ్చెయ్ నాన్నా. అన్నయ్య వాళ్ళ ఫ్లాట్‌లోనే ఉంటుంది." మా అపార్ట్‌మెంట్ సంఘానికి కుక్కలంటే పడదు. కుక్కలున్నవాళ్ళు సర్వీసు లిఫ్టే వాడాలని నోటీసు, వాట్సాప్ గ్రూపులో రోజూ కురుక్షేత్రం. జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల ప్రకారం సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి వీల్లేదు కాబట్టి, పట్టుబడితే సాధించుకోవచ్చు. అదే చెప్పాను. నాన్న అంతా విని, "అక్కడ వాడికి పనేముంటుందిరా?" అని అడిగాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. ప్రశ్న కుక్క గురించే అనుకోవడానికి ముగ్గురం కొంచెం కష్టపడ్డాం.

ఆ రాత్రి నాకు భారతం గుర్తొచ్చింది. ఆ కథ ఒక కుక్కపిల్ల దెబ్బలతో మొదలై, ఒక కుక్క నడకతో ముగింపుకొస్తుంది. నన్నయ ఆదిపర్వంలో, జనమేజయుడి యాగం దగ్గరికి ఆడుకుంటూ వచ్చిన సారమేయుణ్ణి రాజు తమ్ముళ్ళు కొడతారు. తల్లి సరమ వచ్చి, తప్పు చేయని పిల్లని ఎందుకు కొట్టారని రాజసభలో నిలదీస్తుంది. రెండు వందల ఏళ్ళ తర్వాత తిక్కన తెలుగు చేసిన చివరి పర్వాల్లో, పాండవుల వెంట ఒక కుక్క నడుస్తుంది. అందరూ పడిపోయాక ధర్మరాజు, ఆ కుక్క మిగులుతారు. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటాడు, కుక్కకి మాత్రం స్వర్గంలో చోటు లేదంటాడు. తమ్ముళ్ళనీ ద్రౌపదినీ దారిలో వదిలేసి వచ్చినవాడివి, కుక్కని వదలడానికేమని అడుగుతాడు. వాళ్ళు చనిపోయాకే ముందుకు నడిచాను, ప్రాణంతో ఉండి నన్ను నమ్ముకున్నదాన్ని వదలను అంటాడు ధర్మరాజు.

ఇంజినీరింగ్ రోజుల్లో చదివినప్పుడు నాకది ధర్మరాజుకి పెట్టిన పరీక్షలాగే కనిపించింది. ఆ కుక్క ధర్మదేవత అని చివర్లో తేలుతుంది కాబట్టి అందరం అలాగే చదువుతాం. తోటలో మడత మంచం మీద పడుకుని ఆలోచిస్తే ఇంకో సంగతి తోచింది. భార్య లేదు, తమ్ముళ్ళు లేరు. అంత నడిచిన మనిషికి, ఇంకా తన మీద ఆధారపడ్డ ప్రాణి ఒకటి మిగిలింది. దాన్ని కూడా వదిలేసి ఎక్కాల్సిన చోటు ఎంత గొప్పదైతే మాత్రం ఏం చేసుకుంటాడు? నాలుగో అంతస్తు, రెండు లిఫ్టులు, కింద మందుల షాపు, పక్క వీధిలో గుండె డాక్టరు. మేం పిలుస్తున్న స్వర్గం అది.

ఇలా అనుకున్నంత మాత్రాన భయం పోదు. తోటలో రక్తపింజర్లున్నాయి. రాత్రిపూట బోరు మోటారు చూడ్డానికి టార్చి పట్టుకుని ఒక్కడే వెళ్తాడు. గుండెల్లో నొప్పొస్తే పెద్దాసుపత్రి విజయవాడలో. చెల్లి భయాల్లో ఒక్కటీ ఉత్తది కాదు. అందుకని వచ్చేముందు కూర్చుని కొన్ని మాట్లాడుకున్నాం. వచ్చే ఏడు సగం తోట పూత మీదే వ్యాపారికి గుత్తకి ఇస్తాడు. బాబాయి కుటుంబం షెడ్డు రెండో గదిలోకి మారుతుంది. మోటారుకి ఫోన్ నుంచి ఆన్ చేసే స్టార్టర్ నేను పెట్టించాను. రాత్రి 8 గంటలకి ఫోన్ ఎత్తాలి, ఎత్తకపోతే బాబాయికి చేస్తాం. నాన్న అన్నిటికీ తలూపాడు. సగం తోట గుత్త దగ్గర మాత్రం చాలాసేపు ఆగి ఊపాడు.

పాప నాలుగో సూదీ, మ్యాంగో రెండో టీకా బూస్టరూ ఆ నెలలోనే అయిపోయాయి. దాని రేబీస్ టీకా కూడా. రోహిణీ కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో బయల్దేరాం. డిక్కీ నిండా రసాలు.

జూన్‌లో వాన పడ్డాక ఒక రాత్రి 8 కాకముందే నాన్నే ఫోన్ చేశాడు. చివరి కలెక్టరు కాయ మీదకి కోతులు వచ్చాయట, వీడు మొరిగాడట, అవి వెళ్ళిపోయాయట. మొరిగినందుకు వెళ్ళాయా, తినడం అయిపోయి వెళ్ళాయా అని అడిగాను. "ఏదైతేనేంరా, నా వెనక్కి మాత్రం రాలేదు, ముందుకే వెళ్ళాడు" అన్నాడు. ఆ మాట రికార్డు చేసి చెల్లికి పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది. వచ్చే మేలో టికెట్లు ఎప్పుడు బుక్ చేస్తే చవకో కనుక్కోమంది.