రాగికి ఒళ్ళే ముఖ్యం

పాత రాగి నాణెం చేతికొస్తే ఎవరైనా ముందు చూసేది బొమ్మే. రాణి జుట్టులో పాయలు విడివిడిగా కనిపిస్తున్నాయా, సింహం మొహం అరిగిందా, సంవత్సరం చదవడానికి వీలుందా అని. నేనూ చాలా ఏళ్ళు అలాగే చూశాను. అరుగుదల తక్కువైతే గ్రేడు ఎక్కువ, ఎక్కువైతే గ్రేడు తక్కువ. వెండి రూపాయల దగ్గర ఈ లెక్క కొంతవరకు నడుస్తుంది. రాగి దగ్గర నడవదు. ఆ సంగతి నాకు తెలిసేలోపే నా మాట నమ్మిన ఒకాయన నష్టపోయారు.

ఆయన స్కూలు మాస్టారు. విక్టోరియా పావు అణాలు, మావైపు కాణీలనేవాళ్ళు, ఏడాదికొకటి చొప్పున పోగేస్తున్నారు. 1862లో మొదలైన వరస అది. 1877 నుంచి రాణి పేరు పక్కన క్వీన్ పోయి ఎంప్రెస్ వస్తుంది. నా దగ్గర 1862ది ఒకటి ఉండేది. నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు ఎర్రగా మెరిసిపోతుండేది, బొమ్మ కూడా స్పష్టంగా ఉండేది. చలామణిలోకే వెళ్ళనిదనుకుని కవరు మీద యూఎన్‌సీ అని రాసి, ఆ గ్రేడుకు తగ్గ ధరకే ఆయనకిచ్చాను. మోసం చెయ్యాలని కాదు, నిజంగానే అలా నమ్మాను. కానీ డబ్బు పెట్టి కొన్న మనిషికి నా నమ్మకంతో పనేముంది?

కొన్నాళ్ళకు మాస్టారు ఆ నాణేన్ని రాగిలో తలపండిన ఒక పెద్దాయనకు చూపిస్తుంటే నేనూ పక్కనే ఉన్నాను. ఆయన దాన్ని దీపం కింద ఒక్క చుట్టు తిప్పి, "దీన్ని చింతపండుతో తోమారండీ" అన్నారు. నా మొహం చూసి, "మీరే చూడండి బాబూ" అంటూ భూతద్దం నా చేతికిచ్చారు.

పదింతలు పెద్దదిగా చూపే అద్దంలో అంతా బయటపడింది. ఖాళీ జాగా నిండా సన్నటి గీతలు, అన్నీ ఒకే వాలులో. అక్షరాల మూలల్లో నల్లటి మడ్డి. ఎరుపు కూడా నారింజ ఛాయ ఉన్న ఎరుపు కాదు, పచ్చిపుండులాంటి గులాబీ రంగు. ఆయన చెప్పిన ఒక్క మాటతో నా చూపే మారిపోయింది. అసలు ఎరుపు మూలల్లో దాక్కుంటుందట. నూరేళ్ళు దాటిన రాగిలో వేలు తగిలే చోట రంగు ముందు పోతుంది, అక్షరాల సందుల్లో, అంచు వారన చివరిదాకా మిగులుతుంది. నా నాణెంలో అంతా తలకిందులు: బయట తళతళ, సందుల్లో నలుపు. ఇంట్లో చెంబులు తోమే అలవాటున్న మనకు ఈ తేడా ముందే తట్టాలి. నాకు తట్టలేదు.

దీని వెనక కారణం కూడా చెప్పాలి. అచ్చు బలంగా పడినప్పుడు లోహం నడిమి నుంచి అంచుకు పారుతుంది. ఆ పారిన జాడలు కంటికి ఆననంత సన్నటి గట్లుగా పైపొరలో నిలిచిపోతాయి. నాణేన్ని వంచి తిప్పితే వెలుగు చక్రం ఆకుల్లా దాని మీద తిరిగేది ఆ గట్ల వల్లే. దాన్నే లస్టర్ అంటారు. చింతపండు పులుపు మకిలితోపాటు రాగి పైపొర మీది ఆక్సైడునీ కరిగిస్తుంది, తోముడు ఆ గట్లను చెరిపేస్తుంది. మెరుపు మిగులుతుంది గానీ తిరగదు, ఎటు వంచినా ఒకేలా ఉంటుంది. పోయిన గట్లను మళ్ళీ తెచ్చే మందు లేదు.

మాస్టారికి డబ్బు తిరిగిచ్చి నాణెం వెనక్కి తీసుకున్నాను. ఆయన ఏమీ అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ దెబ్బతో రెండో తప్పు చేశాను, దీనికి సరిగ్గా ఎదురుది. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణా ఒకటి, మంచి గోధుమరంగులో ఉన్నది, నా దగ్గరకొచ్చింది. వంద గ్రెయిన్లు, అంటే దాదాపు ఆరున్నర గ్రాములు తూగాల్సిన నాణెం. ఒక వైపు కంపెనీ కవచానికి అటూ ఇటూ జెండాలు పట్టిన సింహాలుంటాయి. వాటిలో ఒకదాని మొహం చదునుగా ఉంది. ఇంకేముంది, అరిగిపోయిందనుకుని ఫైన్ అని రాసి చవగ్గా ఇచ్చేశాను. తర్వాత అది కొన్నవాళ్ళ దగ్గర మళ్ళీ చూసినప్పుడు తెలిసింది, అది అరుగుదల కాదు, ముద్ర పలచగా పడటం. సింహం మొహానికి సరిగ్గా వెనకవైపు దండలోని ఆకులు కూడా అంతే పలచగా ఉన్నాయి. అచ్చును నింపడానికి లోహం చాలకపోతే రెండు వైపులా ఒకే చోట లోటు పడుతుంది. అరుగుదల అలా జత కుదిరి రాదు. పైగా అరిగిన చోట నునుపుదేలి రంగు మారుతుంది. ఇక్కడ ముద్ర పడకముందు రాగి పలక మీద ఉండే గరుకు అలాగే ఉంది, చుట్టూ ఉన్న గోధుమరంగే దాని మీదా ఉంది. గ్రేడుల వరసలో ఫైన్‌కు పైన వీఎఫ్, దానికి పైన ఎక్స్‌ఎఫ్. నిజానికి అది ఎక్స్‌ఎఫ్‌కు తగిన నాణెం.

గ్రేడులకు ఒకటి నుంచి డెబ్భై దాకా అంకెలు వేసే పద్ధతి పుట్టిందే రాగి కోసం. 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత రాగి సెంట్లకు ఆ కొలత పెట్టాడు. ఇవాళ వెండికీ బంగారానికీ అదే వాడుతున్నారు. అక్కడి రాగి సేకర్తలు మాత్రం ఇప్పటికీ రెండు మెట్లుగా చూస్తారు. బొమ్మ ఎంత నిలిచిందో ముందు తేల్చి, ఒంటి మీది దోషాలకు తగ్గట్టు దాన్ని తగ్గిస్తారు. నేను మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతూ వచ్చాను.

ఈ రెండో మెట్టు ఎందుకంటే, మద్రాసు రాజధానికి పది కాసులు, ఇరవై కాసుల నాణేలు మోసుకొస్తూ 1809 జనవరిలో ఇంగ్లండు కెంటు తీరంలోని గుడ్విన్ ఇసుకతిప్పల మీద మునిగిపోయిన అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడను చూడండి. మన కోస్తా జిల్లాల సంతల్లో తిరగాల్సిన 1808 నాటి సొమ్ము అది. 1980ల్లో బయటికి తీశారు. ఒక్క చేతికీ మారలేదు, ఒక్క సంచిలోనూ ఒరుసుకోలేదు. అయినా ఉప్పునీళ్ళు తిన్నవాటి ఒళ్ళు గుంటలుపడి గరుకెక్కింది. చలామణి కాలేదు కదా అని వాటిని యూఎన్‌సీ అందామా?

రాగికి పట్టే పచ్చదనం సంగతీ కొంచెం చెప్పాలి. గట్టిగా, నున్నగా అంటుకున్న పచ్చపొర చాలాసార్లు నాణేనికి కవచమే, దాన్ని గీకకూడదు. పాలిపోయిన ఆకుపచ్చ పొడి గోటికి రాలితే మాత్రం వెంటనే దాన్ని వేరు పెట్టాలి. క్లోరైడు, తేమ కలిసి లోపల్లోపల రాగిని తినేస్తున్నాయని అర్థం. మెత్తటి ప్లాస్టిక్ అరల ఆల్బంలో ఉంచిన నాణేలకు పట్టే జిగట చిలుము ఇంకోటి. అది ఆ ప్లాస్టిక్‌లోని పీవీసీ వల్ల వచ్చేది, స్వచ్ఛమైన అసిటోనులో ముంచితే రుద్దకుండానే కరుగుతుంది. మా సముద్రపు గాలికి సిలికా జెల్ పొట్లాం లేకుండా ఇప్పుడు ఏ పెట్టే మూయను.

ఇప్పుడు కవరు మీద గ్రేడొక్కటే రాయను. ఆ 1862 కాణీ కవరు మీద ఇలా ఉంటుంది: బొమ్మ ఎక్స్‌ఎఫ్, ఒళ్ళు తోమినది, రంగు అసలుది కాదు, ధర వీఎఫ్ కంటే తక్కువ. అడిగినవాళ్ళకు భూతద్దం ఇచ్చి, అక్షరాల సందులు ముందు చూడమంటాను.