గుర్రమెక్కిన బుర్రిపాలెం

మన నల్లరేగడి తడిస్తే గుర్రం కాలు దిగబడుతుందేగాని సినిమాలోలాగా ఇసుక లేవదు. అందుకేనేమో, తెనాలి దగ్గర బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ కౌబాయ్ వేషం కట్టటానికి రాజస్థాన్ ఎడారిదాకా పోవలసి వచ్చింది! 1971 ఆగస్టు 27న విడుదలైన 'మోసగాళ్ళకు మోసగాడు' సంగతి చెబుతున్నాను.

తెరమీది కథ అందరికీ తెలిసిందే. నాకు ముచ్చటైంది తెరవెనక కథ. కృష్ణ సొంత సంస్థ పద్మాలయా వారి మొదటి చిత్రం 'అగ్నిపరీక్ష' 1970లో దెబ్బతింది. రెండోదీ పోతే గతేమిటి? అయినా వెనక్కి తగ్గలేదు. దర్శకుడు కె.యస్.ఆర్. దాస్, కెమేరా వి.యస్.ఆర్. స్వామి. మరి రచన ఎవరిదనుకున్నారు? 'సమగ్రాంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్రగారిది! తెల్లదొరల కాలం, సంస్థానం, నిధి అంటూ పరాయి కథను మన నేలమీదికి దించిన చెయ్యి అది. ఈ మాట చెబితే మా తెలుగు మాస్టారు కళ్ళజోడు సవరించుకుని నవ్వి ఊరుకున్నారు.

ఈ బాణీకి దారి చూపిన సెర్గియో లియోనీ 1966లో స్పెయిన్‌లో 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' తీస్తుంటే, కెమేరాలు తిరగకముందే వంతెన పేలిపోయింది. పొరపాటు తమదే గనుక స్పెయిన్ సైనికులే మళ్ళీ కట్టిపెట్టారు. మనవాళ్ళకి అలా కట్టిపెట్టే సైన్యం ఎక్కడిది? కాపీ అని తేలిగ్గా అనేస్తాం గాని, ఆ గుండెధైర్యం కాపీ కొడితే వచ్చేదా? ఆ చిత్రం ఇంగ్లీషులోకి డబ్బింగై 'ట్రెజర్ హంట్' పేరుతో పరదేశాలకూ వెళ్ళింది.

ఇందులో మా ఇంటి తెరవెనక కథ కూడా ఒకటుంది. ఆ ఏడు మిరపనారుకు ఎరువు తెమ్మని ముత్తాత గుంటూరు పంపిస్తే, మా తాతయ్య నలుగురు స్నేహితులను వెంటేసుకుని మాట్నీ, ఫస్టు షో రెండూ చూశాడు. ఒక బస్తా తగ్గింది. "ధర పెరిగింది నాన్నా" అన్నాడట. ముత్తాత మారుమాట అనలేదు.

కృష్ణ 2022 నవంబరు 15న పోయారు. 2023 మే 31న, ఆయన పుట్టినరోజున, చిత్రం మళ్ళీ విడుదలైంది. తాతయ్యను తీసుకెళ్ళాను. హాలంతా ఈలలు. తాతయ్య మాత్రం కదలకుండా చూశాడు. బయటికొచ్చాక మెల్లిగా అన్నాడు:

"మా నాయనకి తెలుసురా. ఆ వారమే ఆయన కూడా వెళ్ళి చూసొచ్చాడు. జేబులో టిక్కెట్టు ముక్క దొరికింది. నేనూ అడగలేదు."