ఓడ వస్తేనే అంగడి

బంగాళాఖాతంలో ఉత్తర దక్షిణాలుగా వ్యాపించి ఉన్న అండమాన్ నికోబార్ ద్వీపసముదాయంలో దీవులు, దిబ్బలు, రాతిగుట్టలు అన్నీ కలిపి 836. వైశాల్యం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో అధికభాగం అరణ్యమే. 2011 జనాభా లెక్కల ప్రకారం నివాసులు 3 లక్షల 80 వేల మంది. వారిలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. మన విశాఖపట్నం నుండి సముద్రమార్గాన సుమారు 1,200 కిలోమీటర్లు. చెన్నై నుండి అయినా, కలకత్తా నుండి అయినా దూరం ఇంచుమించు అంతే. విమానానికి అది రెండు గంటల పయనం. ఓడకు మూడు రోజులు, సముద్రుని మనసు బాగుంటే.

2024 డిసెంబరు చివరి వారంలో ఎల్.టి.సి. సౌకర్యాన్ని వినియోగించుకొని సకుటుంబంగా ఆ దీవులను దర్శించి వచ్చాము. సెల్యులార్ జైలు గురించి, రాధానగర్ సాగరతీరం గురించి మన సహోద్యోగులు చెప్పగా వినని పాఠకులు ఉండరు. కనుక వాటిని వర్ణించే సాహసం చేయను. నాకు ఆసక్తి కలిగించినది అబర్డీన్ బజారులోని జ్ఞాపికల దుకాణాలు. యాత్రాస్థలానికి వెళ్ళినవాడు బంధుమిత్రులకు ఏదో ఒకటి తేవాలి గదా! మా శ్రీమతి బయలుదేరే ముందే ఇరవై రెండు పేర్లతో జాబితా సిద్ధం చేసింది. ఆ జాబితా పట్టుకొని బజారులో అడుగుపెట్టిన మాకు మొదటి దుకాణంలోనే సగం ఖాళీగా ఉన్న అరలు స్వాగతం పలికాయి.

దుకాణదారు తెలుగువారే. తండ్రి సోంపేట ప్రాంతం నుండి చేపల వేటకు వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారట. కుమారుడు వల విడిచి తక్కెడ పట్టాడు. నలభై ఐదేళ్ళు ఉండవచ్చు. మా మాట వినగానే కుర్చీలు వేయించి టీ తెప్పించాడు. "నూతన సంవత్సరపు రద్దీలో అరలు ఇట్లా ఉన్నాయేమిటండీ?" అని అడిగాను.

"ఓడొచ్చింది గానీ మన సరుకు రానేదు బాబూ. పదకొండు పెట్టెలు చెన్నపట్నం గోదాములో ఉండిపోనాయి" అన్నాడు.

ఆ పదకొండు పెట్టెలలో ఏమున్నదో ఆయన వ్రేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. తిరుపూరులో నేయించి అచ్చువేయించిన టీషర్టులు, టోపీలు, తాళపుచెవుల గొలుసులు, రిఫ్రిజిరేటరు తలుపుకు అంటుకునే అయస్కాంతపు బొమ్మలు, శివకాశిలో అచ్చయిన 2025 సంవత్సరపు క్యాలెండర్లు వెయ్యి. అండమాన్ జ్ఞాపకార్థం అండమాన్‌లో మనం కొనే వస్తువులలో అధికభాగం అండమాన్‌కు మనవలెనే సముద్రం దాటి వచ్చినవే! గుమ్మానికి వ్రేలాడుతున్న గవ్వల తెర చూసి మా అమ్మాయి ముచ్చటపడితే, "అది రామేశ్వరం సరుకమ్మా" అని నిజాయితీగా చెప్పాడు.

ఆ ఏడు నవంబరు చివరిలో ఫెంగల్ తుఫాను ఆగ్నేయ బంగాళాఖాతంలో పుట్టి, నత్తనడకన సాగి, 30వ తేదీన పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. ఆ వారమంతా సముద్రం కల్లోలంగా ఉన్నది. కదలవలసిన ఓడలు ఆగాయి. ఆగిన వెనుక కదిలిన మొదటి ఓడలో చోటు ఎవరికి? బియ్యానికి, ఉల్లిపాయలకు, సిమెంటుకు, మందులకు. అయస్కాంతపు బొమ్మలకు కాదు. ఈ న్యాయాన్ని దుకాణదారు కూడా తప్పుపట్టలేదు. "ఇంట్లో ఉల్లి నేకపోతే నా పెళ్ళామే నన్ను తిడతాది" అని నవ్వాడు. కాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు. క్రిస్మస్ నుండి సంక్రాంతి వరకు జరిగే అమ్మకంతోనే ఆయన వడ్డీలు కట్టాలి. టీషర్టు ఈ నెల కాకపోతే మరుసటి నెల అమ్ముడుపోతుంది. క్యాలెండరు అట్లా కాదు. ఫిబ్రవరిలో దానిని ఉచితంగా ఇచ్చినా పుచ్చుకునేవారు అరుదు. ఆ వెయ్యి క్యాలెండర్లకు ముందుగానే సొమ్ము చెల్లించాడు, అదీ అప్పు తెచ్చి.

విమానంలో తెప్పించవచ్చు గదా అని మా అబ్బాయి అన్నాడు. ఆయన లెక్క చూపాడు. బరువైన ఆర్టు కాగితపు క్యాలెండర్లకు విమానపు కిరాయి చెల్లిస్తే అమ్మిన ప్రతి ప్రతికీ చేతి సొమ్ము ఎదురు పోతుంది.

కొంతకాలం స్టోర్స్ విభాగంలో పనిచేసిన అలవాటు చేత నాకు వెంటనే పాత సూత్రాలు జ్ఞప్తికి వచ్చాయి. సరకు ఆర్డరు పెట్టిన నాటి నుండి చేరే నాటి వరకు పట్టే కాలం స్థిరంగా ఉంటే, అది ఎంత దీర్ఘమైనా దుకాణదారుకు ప్రమాదం లేదు. అన్ని రోజులు ముందుగా ఆర్డరు పెడితే సరిపోతుంది. చిక్కంతా ఆ కాలం ఒకసారి పన్నెండు రోజులు, మరొకసారి నలభై రోజులు కావడంలో ఉన్నది. అప్పుడు నలభై రోజుల అమ్మకానికి సరిపడు నిల్వ ఎల్లప్పుడూ అరలలో ఉంచుకోవాలి. మన కర్మాగారంలో బేరింగులకూ వాల్వులకూ ఆ విధంగా నిల్వ ఉంచుతాము. దానికి సొమ్ము సంస్థ పెడుతుంది, చోటు సంస్థ ఇస్తుంది. పది అడుగుల వెడల్పు గల దుకాణంలో, నూటికి రెండు రూపాయల వడ్డీ మీద, ఆ నిల్వ భారం మోసేవాడు ఒక్కడే.

ఓడ కిరాయి అధికంగా ఉండటానికి మరొక కారణం తిరుగు ప్రయాణం. రాకకు సరకు నిండుగా ఉంటుంది. పోకకు కొంత కొబ్బరి, కొంత వక్క తప్ప పెద్దగా ఉండదు. ఖాళీగా వెళ్ళే ఓడ ఖర్చు కూడా వచ్చే సరకు మీదనే పడుతుంది. ఒకప్పుడు ఇట్లా ఉండేది కాదు. కలప, ప్లైవుడ్ ఇక్కడ నుండి ఓడలకెక్కి ప్రధాన భూభాగానికి వెళ్ళేవి. 1883లో స్థాపించిన ఛాతం రంపపు మిల్లును నేటికీ చూడవచ్చు. ఇంజినీరు అయినవాడు అక్కడ ఒక పూట గడపకుండా రాకూడదు. దుంగలను సముద్రం నుండి పైకి లాగి, కోసి, ఆరబెట్టే క్రమమంతా ఒకే ప్రాంగణంలో కనబడుతుంది. ఈ దీవులకు ప్రత్యేకమైన పడౌక్ కలప ఎర్రని కాంతితో మెరుస్తుంది. అది మన కడప, చిత్తూరు కొండల ఎర్రచందనానికి, వేగిస చెట్టుకు దగ్గరి బంధువు. మూడూ ఒకే ప్రజాతికి చెందినవని వృక్షశాస్త్రం చెబుతుంది.

2002 మే నెలలో సుప్రీంకోర్టు ఈ అడవుల నరికివేతపై కఠినమైన ఆంక్షలు విధించి, కలపను దీవుల వెలుపలికి పంపడాన్ని నిలిపివేసింది. అంతకు ముందటి సంవత్సరమే పగడాలను, కొన్ని శంఖజాతులను వన్యప్రాణి సంరక్షణ చట్టపు జాబితాలలో చేర్చారు. తీరంలో దొరికిన పగడపు ముక్కను ముచ్చటపడి సంచిలో వేసుకుంటే విమానాశ్రయపు తనిఖీలో అది బయటపడుతుంది. పిల్లలతో వెళ్ళేవారు ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది. ఈ రెండు నిర్ణయాలూ అవసరమైనవేనని నా అభిప్రాయం. రెండు తరాల యాత్రికులు పిడికెడేసి చొప్పున ఏరుకొని వస్తే ఏ తీరమూ మిగలదు. అయితే దాని ఫలితంగా స్థానికంగా తయారయ్యే జ్ఞాపికలకు ముడిసరకు తగ్గి, ఆ ఖాళీని తిరుపూరు, శివకాశి పూరించాయి. ప్రభుత్వపు సాగరిక ఎంపోరియంలో పడౌక్ బొమ్మలు, కొబ్బరిచిప్పల దీపాలు, బేతు బుట్టలు, నికోబారీల 'హోడి' పడవ నమూనాలు చూశాము. పనితనం చక్కగా ఉన్నది. ఇరవై రెండు మందికి కొనగల ధరలు మాత్రం కావు.

ఇంతకూ ఈ దీవులు ఓడ కోసం ఎదురుచూడటం నేటి మాట కాదు. 1858 మార్చిలో కలకత్తా నుండి తొలి ఖైదీలను దింపిన నాటి నుండి ఇదే కథ. 1896-1906 మధ్య నిర్మించిన సెల్యులార్ జైలు ఇటుకలు సైతం బర్మా నుండి ఓడలలో వచ్చినవే. రెండవ ప్రపంచయుద్ధంలో, 1942 మార్చిలో జపాన్ సేనలు దీవులను ఆక్రమించుకున్నాయి. మిత్రరాజ్యాల నౌకాదళం దారులు మూసివేసేకొద్దీ ధాన్యం రావడం ఆగిపోయింది. 1945 ఆగస్టులో, తిండిపెట్టవలసిన నోళ్ళు తగ్గించుకోవడానికి, కొన్ని వందల మందిని ఓడలలో హావ్‌లాక్ దగ్గరకు తరలించి సముద్రంలోకి దింపివేశారు. బ్రతికి బయటపడినవారు బహు కొద్దిమంది. ఈనాడు తేట నీటిని చూచి మనం మురిసిపోయే తీరం అది. దుకాణదారు తండ్రి ఈ వృత్తాంతాన్ని పాత కాపురస్థుల నోట విన్నారట. "అప్పుడు ఓడ రాకపోతే ప్రాణం పోయీది. ఇప్పుడు యాపారం పోతాది, అంతే గదా బాబూ" అని కొడుకుతో అంటుంటారట.

సుదూర దేశాలలోనూ కొంతకాలం క్రితం ఇటువంటి కొరతే ఏర్పడిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే మహానౌక సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కొని ఆరు రోజులు దారి మూసివేసింది. ఆ ఏడాది చివరికి అమెరికాలోని లాస్ ఏంజిలిస్, లాంగ్ బీచ్ రేవుల కోసం వేచిన ఓడల సంఖ్య నూరు దాటింది. కంటైనరు కిరాయిలు అనేక రెట్లు పెరిగాయి. ఆసియా కర్మాగారాలలో తయారైన బొమ్మలు, చొక్కాలు సముద్రంలోనే ఉండిపోయి, అక్కడి మహా వినోదోద్యానాల దుకాణాలలో అరలు వెలవెలబోయాయి. ప్రపంచానికి అది ఒక ఏడాది విడ్డూరం. అబర్డీన్ బజారుకు ప్రతి తుఫాను కాలమూ అంతే.

చిత్రమేమంటే, ఆ బొమ్మలు మోసుకుపోయే ఓడలు నడిచే దారి ఈ దీవుల పాదాల చెంతనే ఉన్నది. మలక్కా జలసంధికి వచ్చిపోయే నౌకలు గ్రేట్ నికోబార్ దక్షిణాగ్రానికి కొద్ది దూరంలో, రాత్రింబవళ్ళు బారులు తీరి సాగుతాయి. వాటిలో ఒక్కటీ ఇక్కడ ఆగదు. గలతియా అఖాతంలో కంటైనర్ల మార్పిడి రేవు నిర్మించాలనే బృహత్ప్రణాళిక ఉన్నది. తోలుతాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం, ఆదివాసుల అడవి ఏమవుతాయనే వాదమూ తీవ్రంగానే ఉన్నది. ఆ రేవు వచ్చినా అక్కడ దిగే పెట్టెలు మరొక ఓడకు ఎక్కేవే. అబర్డీన్ బజారు అక్కడికి ఉత్తరంగా అయిదు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నది.

దుకాణదారుకు ఆ సంవత్సరం మరొక చిక్కు కూడా వచ్చిపడింది. 2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది. కొత్త పేరుతో అచ్చువేయించినవన్నీ చెన్నైలో చిక్కుబడిన పెట్టెలలో ఉన్నాయి. దుకాణంలో మిగిలినవి పాత పేరువి. చిత్రంగా అవే వేగంగా అమ్ముడుపోతున్నాయట. "ఇకమీదట దొరకవని కొంటన్నారు" అన్నాడు. 2018 డిసెంబరులో హావ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్ అయినప్పుడు కూడా ఇట్లాగే జరిగిందట. పడవవాళ్ళు మాత్రం నేటికీ హావ్‌లాక్ అనే కేక వేస్తున్నారు.

మా జాబితా చివరకు ఎట్లా పూర్తి అయిందంటే, పాత పేరు గల టీషర్టులు ఎనిమిది, కొబ్బరిచిప్ప గిన్నెలు పది, సాగరిక నుండి పడౌక్ ఏనుగులు రెండు. ఇంకా ఇద్దరు మిగిలారు. వారికి క్యాలెండర్లు పోస్టులో పంపుతానని దుకాణదారు స్వయంగా మాట ఇచ్చి, మా చిరునామా వ్రాసుకున్నాడు.

సంక్రాంతి వెళ్ళిన నాలుగవ రోజున ఆయన ఫోను చేశాడు. పెట్టెలు అందాయి. రెండు తడిసిపోయాయి. వెయ్యి క్యాలెండర్లలో ఆరు వందల చిల్లర అక్కడి పాఠశాలలకు, హోటళ్ళకు కాగితం ఖరీదుకే ఇచ్చివేశాడు. గణతంత్ర దినోత్సవపు సెలవులకు వచ్చే యాత్రికుల మీద టీషర్టుల ఆశ పెట్టుకున్నాడు. మాకు రెండు క్యాలెండర్లు ఫిబ్రవరి మొదటి వారంలో చేరాయి. జనవరి పుట మీద సెల్యులార్ జైలు బొమ్మ ఉన్నది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ప్రవాసశిక్ష గడిపినది ఈ దీవులలోనేనని దాని క్రింద మా అమ్మాయి పెన్సిలుతో వ్రాసి పెట్టింది.

వచ్చే సంవత్సరపు క్యాలెండర్లకు ఆర్డరు ఆగస్టులోనే పెడతానని ఆయన అన్నాడు. ఆగస్టు నైరుతి ఋతుపవనాల నడిమి కాలం గదా, అప్పుడు మాత్రం సముద్రం ఊరుకుంటుందా అని అడిగాను. "ఊరుకోదు బాబూ. గానీ ఆగస్టులో ఆగినా డిసెంబరుకు వచ్చీసుద్ది" అన్నాడు.