తిరిగి వస్తాననడానికి సాక్ష్యం

తమ్ముడు నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. 2024లో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతూ, వేసవి సెలవుల్లో అమెరికాలో నా దగ్గర మూడు వారాలు గడపాలనుకున్నాడు. సందర్శకుల వీసాకు దరఖాస్తు పెట్టాము. రుసుము నూట ఎనభై అయిదు డాలర్లు. వీసా రాకపోయినా ఆ సొమ్ము తిరిగి రాదు.

అమెరికా వలస చట్టంలో 214(బి) అనే విభాగమొకటి ఉంది. చట్టం 1952 నాటిది. వచ్చే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని అధికారి ముందుగా అనుకోవాలి. కాదని నిరూపించుకునే భారం వచ్చేవాడిది. ఉద్యోగమో, భార్యాబిడ్డలో, ఆస్తిపాస్తులో చూపమంటారు. ఇరవయ్యేళ్ళ విద్యార్థికి ఇవెక్కడివి? అటువంటి వయసు వారి విషయంలో కుటుంబ పరిస్థితినీ, ముందు ముందు ఏం చేయదలచాడో దాన్నీ చూస్తామంటారు. కానీ మనసులోని ఆలోచనకు రసీదు ఎవరిస్తారు?

నాన్నగారు తన పద్ధతిలో రసీదులన్నీ పోగుచేశారు. పట్టాదారు పాసుపుస్తకం, ఇంటిపన్ను చీటీలు, బ్యాంకు లెక్కలు, కాలేజీవారి బోనఫైడ్ పత్రం, రాబోయే సెమిస్టరు ఫీజు కట్టిన రసీదు. నేనొక ఆహ్వానపత్రం రాసి పంపాను. అసలది అవసరం లేదనీ, పిలిచేవాడి హామీ కంటే వచ్చేవాడి బంధాలే ముఖ్యమనీ తరువాత చదివాను.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది: మీ దగ్గరి బంధువులెవరైనా అమెరికాలో ఉన్నారా? తమ్ముడు నా పేరు రాశాడు. వాడి ప్రయాణానికి కారణం నేనే. అధికారి అనుమానానికి కారణమూ నేనే కావచ్చునని అప్పుడు తోచలేదు.

కిటికీ దగ్గర రెండు నిమిషాలు కూడా పట్టలేదట. నాన్నగారి ఫైలు తెరవనే లేదు.

"మీ అన్న అక్కడ ఎన్నాళ్ళుగా ఉన్నాడు?"

"పదేళ్ళుగా."

"చివరిసారి ఇంటికెప్పుడు వచ్చాడు?"

"2018లో."

పాస్‌పోర్టుతో పాటు ఒక కాగితం చేతికిచ్చి పంపేశారు. దానిమీద ఆ విభాగం సంఖ్యే ఉంది. దీనిమీద అప్పీలు లేదు. కావాలంటే మళ్ళీ రుసుము కట్టి, మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు.

"నేనేమైనా తప్పు చెప్పానా అన్నయ్యా?" అని ఫోనులో అడిగాడు. లేదన్నాను. ఆ మాట నిజమే. కానీ వాడు చెప్పిన రెండు జవాబులూ నా జీవితంలోనివి.

2014లో విద్యార్థి వీసా కోసం అటువంటి కిటికీ ముందే నిలబడి, చదువు కాగానే తిరిగి వచ్చేస్తానని చెప్పాను. అబద్ధమాడాలని చెప్పలేదు. అప్పటికి అదే నా ఉద్దేశం. తరువాత ఉద్యోగం వచ్చింది. దేశం దాటితే మళ్ళీ వీసా ముద్ర వేయించుకోవాలన్న భయం పట్టుకుంది. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అనుకుంటూనే ఆరేళ్ళు గడిచాయి. అధికారి అడిగింది తమ్ముణ్ణే అయినా, మాట నిలబెట్టుకోనివాణ్ణి నేను.

తమ్ముడి చేత మళ్ళీ దరఖాస్తు పెట్టించలేదు. నేనే సెలవు పెట్టి టికెట్టు కొన్నాను. ఆ సంగతి చెప్పగానే అమ్మ మొదట అడిగింది ఒకటే మాట.

"ఎన్నాళ్ళుంటావురా?"

"మూడు వారాలు," అన్నాను.

ఆమె ఇంకే సాక్ష్యమూ అడగలేదు.