ఆరు వాషర్లు

"నీళ్ళెక్కడ పోస్తారే దీనికి?"

ఫ్రీమాంట్‌లో మా ఇంటి గ్యారేజీలో నా కారు చుట్టూ రెండుసార్లు తిరిగి నాన్న అడిగిన మొదటి ప్రశ్న అది. ముందు మూత ఎత్తితే సామాన్లు పెట్టుకునే చోటు. వెనక మూత ఎత్తితే ఇంజిను. రేడియేటర్ ఎక్కడా లేదు. ముప్ఫై రెండేళ్ళు రాజమండ్రి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసిన మనిషికి అదెవరో సగంలో వదిలేసిన పనిలా కనిపించినట్టుంది.

కారు 1983 నాటి పోర్షె 911 ఎస్‌సి. నాకంటే రెండేళ్ళు పెద్దది. దీనికి నీళ్ళుండవు నాన్నా, గాలీ ఆయిలే చల్లబరుస్తాయి అని చెప్పాను. 1998లో ఆ పద్ధతి మానేసేదాకా 911లన్నీ అంతే. వెనక మూత తియ్యగానే ఎదురుగా కనిపించే పదకొండు రెక్కల ఫ్యాను గాలిని లాగి కిందకి, సిలిండర్ల మీదకి తోస్తుంది. ఆ ఫ్యాను మధ్యలోనే ఆల్టర్నేటర్. రెండూ ఒకే ఇరుసు మీద, రెండింటినీ తిప్పేది ఒక్క బెల్టు. అది తెగితే డ్యాష్‌బోర్డు మీద వెలిగేది బ్యాటరీ ఛార్జింగు ఎర్రలైటు. కొత్తగా కొన్నవాళ్ళు 'బ్యాటరీయే కదా, ఇంటికెళ్ళి చూద్దాం' అనుకుంటారు. ఇంటికెళ్ళేలోపు ఇంజిను పాడవుతుంది. ఆ లైటు వెలిగితే పక్కకి తీసి ఆపెయ్యడమే.

"మారేడుమిల్లి ఘాట్‌లో మా బళ్ళు పొగలు కక్కితే వాగులో నీళ్ళు తెచ్చి పోసేవాళ్ళం. దీనికేం పోస్తావు?"

ఏమీ పొయ్యలేం.

చిన్నప్పుడు ఆదివారాలు మా వాకిట్లో ఎవరిదో ఒకరి స్కూటర్ విప్పి ఉండేది. లైటు పట్టుకోవడానికి అన్నయ్యని పిలిచేవాడు నాన్న. వాడు ఆవలిస్తూ ఆ లైటు జామచెట్టు మీదకి తిప్పేవాడు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. దగ్గరికొస్తే "గ్రీజు అంటుద్ది, లోపలికెళ్ళమ్మా" అనేవాడు. ఎప్పుడూ కోప్పడలేదు. కోప్పడి ఉంటే తిరిగి పోట్లాడేదాన్నేమో. (అన్నయ్య ఇప్పుడు బెంగళూరులో టైరు పంక్చరైతే ఫోన్ చేసి మనిషిని పిలిపిస్తాడు.)

ఈ కారు కొన్న సంగతి నాన్నకి రెండేళ్ళు చెప్పలేదు. డబ్బు గురించి కాదు.

ఆ రోజు బెల్టు మార్చాలి. లోపలి వైపు సన్నటి పగుళ్ళొచ్చాయి, పుల్లీ చుట్టూ నల్లటి పొడి రాలుతోంది. కొత్త బెల్టు తెచ్చి పెట్టాను. పానా చేతిలోకి తీసుకోగానే నాన్న లేచాడు.

"నువ్వు జరుగు, నేను చూస్తా."

"నువ్వు లైటు పట్టుకో నాన్నా."

అనేశాక నాకే గుండె దడదడలాడింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బల్ల మీద లైటు తీసుకుని నా భుజం మీదుగా పట్టాడు. అన్నయ్యలా కాదు. నా చెయ్యి ఎటు వెళ్తే వెలుగు అటు, ఒక్క క్షణం ముందే.

ఈ పుల్లీ రెండు ముక్కలు. మధ్యలో పల్చటి వాషర్లు. బెల్టు బిగించాలంటే ఇక్కడ ఆల్టర్నేటర్ని జరపడం ఉండదు. మధ్యలోంచి ఒక వాషర్ తీస్తే ముక్కలు దగ్గరవుతాయి, బెల్టు పైకెక్కి బిగుస్తుంది. తీసినదాన్ని బయట నట్టు వైపు వెయ్యాలి. మొత్తం ఆరు, లోపలెన్నున్నా బయటెన్నున్నా ఆరే. నేను లోపల నాలుగు, బయట రెండు పెట్టి బిగించాను. నాన్న వంగి బెల్టుని బొటనవేలితో నొక్కాడు.

"వదులు. ఇంకోటి తియ్యి."

స్కేలు పెట్టి చూశాను. నొక్కితే ఒక సెంటీమీటరు దిగాలి, అంతకన్నా ఎక్కువే దిగుతోంది. మళ్ళీ విప్పి మూడూ మూడూ చేశాను. ఈసారి నొక్కి చూడమని నేనే అడిగాను. తలూపాడు.

చేతులు తుడుచుకుని తాళం తిప్పబోతుంటే అడిగాడు. "గుడ్డలెన్ని తెచ్చావు?"

"మూడు."

"ఇక్కడ రెండే ఉన్నాయి."

మూడోది ఫ్యాను పక్కనే, ఇంజిను మీద ఉంది. స్టార్ట్ చేసుంటే ఫ్యాను దాన్ని లోపలికి లాక్కునేది. గాలి ఆగిపోయేది, బయటికి ఏమీ తెలిసేది కాదు. ఆ గుడ్డ తీసి నా చేతికిచ్చాడు. డిపోలో బండి బయటికి పంపేముందు పానాలన్నీ లెక్కపెట్టేవాళ్ళట. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు చెప్పడం అదే మొదటిసారి.

నాన్న తిరిగి వెళ్ళి నెలన్నరైంది. కొత్త బెల్టు కదా, కొన్ని వందల మైళ్ళు తిరిగేసరికి సాగింది. మొన్న ఫోన్ చేసినప్పుడు అదే మొదట అడిగాడు, తిన్నావా అని కూడా అనకుండా.

"ఒకటి తీశాను నాన్నా. ఇప్పుడు లోపల రెండే."

"బయట నాలుగూ వేశావా? ఒకటి ఎక్కడో పడేసి ఉంటావు."

"ఆరూ ఉన్నాయి."

"లెక్కపెట్టావా?"

"రెండుసార్లు."

"సరే, అమ్మకిస్తున్నా" అన్నాడు.